ఫ్యాను స్పీడు, నెట్ స్పీడు, బండి స్పీడు: మూడూ ఒకటేనా?

సందేహాల_పుట్ట

అందరికీ నమస్కారం. సాయంత్రం పూట తొమ్మిదో తరగతి పిల్లలకు లెక్కలూ సైన్సూ చెబుతుంటాను. నేను చదివింది కామర్సు. సైన్సు పాఠం అంటే ముందురోజు రాత్రి కూర్చుని తయారు కావాల్సిందే. ఇప్పుడు చలనం పాఠం నడుస్తోంది. 'వెళ్లిన దూరాన్ని పట్టిన కాలంతో భాగిస్తే వచ్చేది వడి' అని బోర్డు మీద రాశాను. ముందు బెంచీ అమ్మాయి తల పైకెత్తి చూసి, "సార్, ఫ్యాను ఎక్కడికీ వెళ్లడం లేదు కదా, మరి దానికి స్పీడెలా వచ్చింది?" అంది. ఆ వెంటనే ఒకడు నెట్ స్పీడు అన్నాడు, ఇంకొకడు టైపింగ్ స్పీడు అన్నాడు, వెనక బెంచీవాడు పక్కవాణ్ణి చూపించి "వీడి నోటి స్పీడు సార్" అన్నాడు. ఇక క్లాసు క్లాసులా లేదు. టైమైపోయింది కాబట్టి రేపు చెబుతానని బయటపడ్డాను.

అడగాలనుకున్నవి రెండు. ఒకటి, మనం రోజూ వాడే స్పీడుకీ ఫిజిక్సులో స్పీడుకీ తేడా సరిగ్గా ఎక్కడొస్తుంది? 'అవి వేరు, ఇది వేరు' అంటే ఆ అమ్మాయి ఊరుకునే రకం కాదు. రెండోది నా సొంత అనుమానం. విమానంలో కిటికీ పక్కన కూర్చుంటే కదులుతున్నట్టే ఉండదు. బైకు మీద అరవైలో వెళ్తే గుండె గొంతులోకొస్తుంది. అలాంటప్పుడు మనకు ఒంటికి తెలిసేది నిజంగా స్పీడేనా?

పరుగుల_పిచ్చి

ఫిజిక్సు మరిచిపోయి చాలా ఏళ్లయింది, పరుగు సంగతి మాత్రం చెప్పగలను. దూరాలు పరుగెత్తేవాళ్లం స్పీడు అనే మాట పెద్దగా వాడం. పేస్ అంటాం. కిలోమీటరుకు ఆరు నిమిషాలు, కిలోమీటరుకు ఐదు నిమిషాలు, ఇలా. అంకె తగ్గితే మంచి పరుగన్నమాట. పుస్తకంలో సూత్రాన్ని తలకిందులు చేస్తే మా లెక్క వస్తుంది: కింద దూరం, పైన కాలం.

మామూలు జనం బుర్రలో ఉండే స్పీడు కూడా ఇలాంటిదేనని నా అనుమానం. 'తొందరగా చేశాడు' అంటే పని ఎంతసేపట్లో అయిపోయిందో చూస్తాం గానీ గంటకెంత పని చేశాడని భాగించం. ఈ తలకిందుల వల్ల ఒక తమాషా ఉంది. కిలోమీటరుకు ఆరు నిమిషాల నుంచి ఐదుకి వస్తే, గంటకు 10 కిలోమీటర్ల నుంచి 12కి పెరిగినట్టు. ఐదు నుంచి నాలుగుకి వస్తే 12 నుంచి 15కి. నాలుగు నుంచి మూడుకి వస్తే 15 నుంచి 20కి. ప్రతిసారీ తగ్గించింది ఒక్క నిమిషమే. కానీ దానికోసం పెంచాల్సిన వడి రెండు, మూడు, ఐదు. కాళ్లకు ఈ లెక్క బాగా తెలుసు.

జమైకా పరుగువీరుడు ఉసేన్ బోల్ట్ ఉదాహరణ కూడా చెప్పండి, పిల్లలకు నచ్చుతుంది. 2009లో బెర్లిన్‌లో 100 మీటర్లు 9.58 సెకన్లలో పరుగెత్తాడు. భాగిస్తే గంటకు 37.6 కిలోమీటర్లు. కానీ ఆ పరుగు మధ్యలో ఒక దశలో గంటకు 44 కిలోమీటర్ల దాకా వెళ్లాడు. మొదట్లో నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు కదా, ఆ సున్నా కూడా సరాసరిలో కలిసింది.

రాత్రి_షిఫ్టు

నెట్ స్పీడు నా డిపార్టుమెంటు, అది చెప్పి పోతాను.

100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 10 కోట్ల బిట్లు మీ ఇంటికి చేరతాయని. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి సెకనుకు 12.5 మెగాబైట్లు. ఇందులో దూరం అనేదే లేదు. ఆ బిట్లు పక్క గదిలోంచి వచ్చినా సముద్రం అవతలి నుంచి వచ్చినా అంకె అదే. ప్లాను మార్చుకుని 100ని 200 చేసుకుంటే సమాచారం ముందుకంటే వేగంగా పరుగెత్తదు, సెకనులో ఎక్కువ వస్తుంది, అంతే. గాజు ఫైబరులో కాంతి సెకనుకు దాదాపు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది, మీరు ఏ ప్లాను కొన్నా.

అసలు ఫిజిక్సు స్పీడు కనబడేది లేటెన్సీలో, అంటే పంపింది చేరి జవాబు రావడానికి పట్టే ఆలస్యంలో. భూస్థిర కక్ష్యలో ఉపగ్రహం 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉంటుంది. మన మాట అక్కడికెక్కి కిందికి దిగడానికే పావు సెకను, అవతలివాడి జవాబు రావడానికి ఇంకో పావు సెకను. అలాంటి కనెక్షన్‌లో సినిమా దిగడం చకచకా దిగుతుంది, మాట్లాడితే మాత్రం ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తుంటారు. 'మా నెట్ స్పీడే గానీ స్లో' అని ఎవరైనా కంప్లయింట్ ఇస్తే మేం నవ్వం. రెండు వేరువేరు విషయాలు చెబుతున్నాడు పాపం.

మీటరు_మెకానిక్

మాస్టారూ, నేను బతికిందే స్పీడు మీద. బళ్ల స్పీడోమీటర్లు విప్పి బాగుచేసే పని, కేబుల్ మీటర్ల కాలం నుంచీ. అందుకని కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

ముందు ఫ్యాను. ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు పెన్నుతోనే తేలుతుంది. రెక్క చివరి నుంచి ఎదురు రెక్క చివరికి 1.2 మీటర్లు ఉండే సీలింగ్ ఫ్యాను అనుకోండి, నిమిషానికి 350 చుట్లు తిరుగుతోంది. రెక్క చివర ఒక చుట్టుకు వెళ్లే దూరం 1.2 ఇంటూ 3.14, అంటే 3.77 మీటర్లు. నిమిషానికి 350 చుట్లు కాబట్టి సెకనుకు దాదాపు 22 మీటర్లు. గంటకు 79 కిలోమీటర్లు! అదే రెక్క సగంలో చూస్తే 40. నట్టనడిమిన సున్నా. అమ్మాయి అన్నది నిజమే, ఫ్యాను ఎక్కడికీ పోదు, దాని మీది ప్రతి చుక్కా పోతుంది. ఒక్కో చుక్క ఒక్కో వడితో పోతుంది కాబట్టి 'ఫ్యాను వడి ఇంత' అని ఒక్క అంకె చెప్పలేం. అన్ని చుక్కలకూ ఒకేలా ఉండేది నిమిషానికెన్ని చుట్లు అన్నదే. ఫిజిక్సులో దానికి కోణీయ వడి అని వేరే పేరుంది. రెగ్యులేటరు మీది 1, 2, 3, 4, 5 మాత్రం దేనికీ కొలత కాదు. ఐదులో తిరిగేది ఒకటికి ఐదింతలని ఎవరూ అనుకోకూడదు.

ఇప్పుడు అసలు విషయం. మామూలు మాటల్లో స్పీడుకి కింద కాలం ఉంటే చాలు, పైన ఏదైనా పెట్టుకోవచ్చు. నిమిషానికి మాటలు పెడితే టైపింగ్. సెకనుకు బిట్లు పెడితే నెట్. నిమిషానికి చుట్లు పెడితే ఫ్యాను. ఫిజిక్సు పైన దూరం తప్ప ఇంకొకటి పెట్టనివ్వదు. చుట్లు పెట్టాలంటే పేరులో 'కోణీయ' అని చెప్పి పెట్టమంటుంది, రసాయన చర్య అయితే 'చర్యా వేగం' అని చెప్పమంటుంది. అంతే తేడా అయితే ఇది పేర్ల గొడవతో పోయేది. కానీ ఫిజిక్సు ఇంకో రెండు ప్రశ్నలు అడుగుతుంది, మనం రోజూ అడగనివి: ఎవరు చూస్తే? ఎంతసేపటి మీద లెక్కేస్తే? (కెమెరావాళ్ల షట్టర్ స్పీడు మరీ అన్యాయం. 500వ వంతు సెకను అంటారు. అందులో పైన ఏదీ లేదు, ఉత్త కాలం.)

ఎవరు చూస్తే అన్నదానికి బండి చక్రం చాలు. బండి 60లో పోతోంది. చక్రం జారకుండా దొర్లుతుంటే, రోడ్డును తాకుతున్న చోట టైరు వడి, రోడ్డు లెక్కలో, ఆ క్షణానికి సున్నా. నమ్మబుద్ధి కాదు గానీ నిజం. అక్కడ సున్నా కాకపోతే టైరు రోడ్డు మీద రాసుకుపోతుంది, అదే కదా స్కిడ్డు. టైరు పైభాగం గంటకు 120లో ముందుకు పోతోంది. బండి మీద కూర్చున్నవాడి లెక్కలో అయితే టైరు అంచు మొత్తం 60లోనే తిరుగుతోంది. మూడూ సరైన జవాబులే.

ఎంతసేపటి మీద అన్నదానికి అందరూ పడే గుంట ఒకటుంది. 60 కిలోమీటర్ల దూరం పోయేటప్పుడు 30లో, వచ్చేటప్పుడు 60లో వచ్చారు. సరాసరి ఎంత? పిల్లలంతా 45 అంటారు, చూడండి. పోవడానికి రెండు గంటలు, రావడానికి ఒక గంట. 120 కిలోమీటర్లకు మూడు గంటలు, 40. నెమ్మదిగా పోయిన భాగం ఎక్కువసేపు పడుతుంది కాబట్టి సరాసరిని తనవైపు లాగుతుంది. ఇంకా గట్టి ప్రశ్న కావాలంటే, పోయేటప్పుడు 30లో పోయాక మొత్తం సరాసరి 60 రావాలంటే తిరుగు ప్రయాణం ఎంతలో చేయాలో అడగండి. ఎంతలో చేసినా రాదు. 120 కిలోమీటర్లకు 60 సరాసరి అంటే రెండు గంటలు. ఆ రెండు గంటలూ పోవడానికే అయిపోయాయి.

పరుగుల_పిచ్చి గారి లెక్క బళ్లకూ పనికొస్తుంది. పది కిలోమీటర్ల దారిలో 20 నుంచి 30కి పెంచితే పది నిమిషాలు కలిసొస్తాయి. 80 నుంచి 90కి పెంచితే కలిసొచ్చేది 50 సెకన్లు. పెంచింది అదే పది. ఇక బండిలో ఉండే గతిజ శక్తి వడి వర్గంతో పెరుగుతుంది. 40లో బ్రేకు వేస్తే బండి జారే దూరానికి 80లో వేస్తే నాలుగింతలు కావాలి. కలిసొచ్చేది తగ్గుతుంది, ఆగడానికి కావాల్సింది పెరుగుతుంది. మీటరు మీద ముల్లు మాత్రం రెండిటికీ ఒకే అంత జరుగుతుంది. అక్కడే మనుషులు మోసపోతారు.

స్పీడు ఒంటికి తెలుస్తుందా అన్నారు. తెలియదు మాస్టారూ. ఒంట్లో దానికి మీటరే లేదు. చెవి లోపల ఉన్న అవయవానికి తెలిసేది వడి మారడం, దిశ మారడం. లిఫ్టు ఎక్కి చూడండి, కదిలేటప్పుడూ ఆగేటప్పుడే కడుపులో తెలుస్తుంది, మధ్యలో ఉన్నామో లేమో. జనం 'ఈ బండి భలే స్పీడు' అనేది చాలాసార్లు పికప్ గురించి, అంటే త్వరణం. సున్నా నుంచి 100కి పది సెకన్లలో పోయే బండి సీటు మనల్ని మన బరువులో నాలుగో వంతు కంటే కాస్త ఎక్కువ బలంతో ముందుకు నెడుతుంది. అది వీపుకు తెలుస్తుంది. 100లో నిలకడగా పోతుంటే వీపుకు ఏమీ తెలియదు.

మరి బైకు మీద భయం? అది కంటి పని. మన పక్కనుంచి వస్తువు ఎంత కోణంలో దాటిపోతోందన్నదే కన్ను చూసేది. దానికి వడిని దూరంతో భాగించాలి. 60లో పోతున్న బైకంటే సెకనుకు 16.7 మీటర్లు. రెండు మీటర్ల దూరంలో చెట్టు ఉందనుకోండి, మనకు సరిగ్గా పక్కకు వచ్చిన క్షణాన అది సెకనుకు 480 డిగ్రీల లెక్కన దాటుతుంది. తల తిప్పి పట్టుకోలేం. విమానం గంటకు 900, అంటే సెకనుకు 250 మీటర్లు, కానీ నేల పది కిలోమీటర్ల కింద ఉంది. నేరుగా కింద ఉన్నది కూడా సెకనుకు డిగ్రీన్నర కంటే తక్కువే జరుగుతుంది. పదిహేను రెట్లు వడి, కంటికి మూడు వందల వంతు కంటే తక్కువ. దానికితోడు బైకు మీద గాలి, చప్పుడు, అదురు. హెల్మెటు అద్దం దించితే అదే అరవై కాస్త మెత్తబడినట్టు అనిపిస్తుంది, గమనించే ఉంటారు.

చుక్కల_లెక్క

మెకానిక్ గారు చక్రంతో చెప్పింది ఆకాశానికి పట్టుకెళ్తాను. భూమధ్యరేఖ మీద నిలబడ్డవాడు భూమి తిరగడం వల్ల గంటకు దాదాపు 1,670 కిలోమీటర్లు పోతున్నాడు. భూమితోపాటు సూర్యుడి చుట్టూ సెకనుకు 30 కిలోమీటర్లు, గంటకు లక్ష దాటి. కుర్చీలో కదలకుండా కూర్చున్నాననేవాడి మాట ఎవరి లెక్కలో? గెలీలియో 1632లో ఇదే వాదించాడు: నిలకడగా పోతున్న ఓడ అడుగు గదిలో తలుపులు మూసుకుని కూర్చుంటే, లోపల ఏ ప్రయోగం చేసినా ఓడ ఆగి ఉందో పోతోందో తేల్చలేం.

ఇంకో సంగతి పిల్లలకు చెప్పదగ్గది. మీరు బోర్డు మీద రాసిన సూత్రం ఉంది చూశారూ, దూరం బై కాలం, అది గెలీలియో కూడా రాయలేదు. గ్రీకుల నుంచి వచ్చిన లెక్కల పద్ధతిలో ఒకే జాతి రాశుల మధ్యే నిష్పత్తి ఉంటుంది. దూరానికీ దూరానికీ, కాలానికీ కాలానికీ. మీటర్లను సెకన్లతో భాగించడమంటే వాళ్లకు అర్థంలేని పని. అరిస్టాటిల్ చెప్పింది పోలికే: సమాన కాలంలో ఎక్కువ దూరం పోయేది, లేదా సమాన దూరం తక్కువ కాలంలో పోయేది, అది ఎక్కువ వేగం గలది. గెలీలియో కూడా ఈ దూరాల నిష్పత్తి ఆ కాలాల నిష్పత్తికి ఇలా ఉంటుందనే రాసుకున్నాడు. కాబట్టి మీ విద్యార్థుల బుర్రలో ఉన్న 'ఎవడు ముందొస్తే వాడు స్పీడు' అనేది తక్కువ రకం ఆలోచనేమీ కాదు. రెండు వేల ఏళ్లు పెద్దపెద్దవాళ్లు దానితోనే నెట్టుకొచ్చారు.

చివరికి కథ అడ్డం తిరిగింది కూడా. శూన్యంలో కాంతి వడి ఎవరు కొలిచినా ఒకటే వస్తుంది, కొలిచేవాడు కదులుతున్నా. 1887లో మైకెల్సన్, మోర్లీ భూమి కదలిక వల్ల కాంతి వడిలో రావాల్సిన తేడా కోసం వెతికితే దొరకలేదు. 1905లో ఐన్‌స్టీన్ దాన్ని మూలసూత్రంగానే పెట్టుకున్నాడు. 1983 నుంచి అయితే మీటరుకే నిర్వచనం ఇలా ఇచ్చారు: కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో శూన్యంలో పోయే దూరం ఒక మీటరు. ఇక కాంతి వడిని కొలవడమనేది లేదు, అది నిర్ణయించి పెట్టిన అంకె. మీ పాఠంలో దూరం, కాలం ముందు, వడి తర్వాత. ఇప్పుడు ప్రపంచపు కొలతల్లో కాలం, వడి ముందు, దూరం తర్వాత.

సందేహాల_పుట్ట

అందరికీ బోలెడు కృతజ్ఞతలు. ఫ్యాను లెక్క ఈరోజు చేయించాను. 79 వచ్చేసరికి ఆ అమ్మాయి ఫ్యాను కిందనుంచి బెంచీ జరుపుకుంది.

కానీ ఇంకో చిక్కు తెచ్చిపెట్టారు. 'ఆ క్షణానికి సున్నా' అని మెకానిక్ గారు రాసింది చదివి వినిపించాను. ఒక అబ్బాయి పట్టుకున్నాడు: క్షణంలో ఎంత దూరం పోతాం? ఏమీ పోం. ఎంత కాలం గడుస్తుంది? ఏమీ గడవదు. సున్నా బై సున్నా. మరి బండి మీటరు ఈ క్షణాన 50 అని ఎలా చూపిస్తుంది సార్?

మీటరు_మెకానిక్

ఆ అబ్బాయిని నా దగ్గరికి పంపండి, పని నేర్పిస్తాను.

కేబుల్ మీటరు లోపల ఏముంటుందో చెబితే నవ్వొస్తుంది. అది దూరాన్నీ కొలవదు, కాలాన్నీ కొలవదు. చక్రం నుంచో గేరుబాక్సు నుంచో ఒక కేబుల్ తిరుగుతూ వచ్చి లోపల చిన్న అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాని చుట్టూ తాకీ తాకకుండా ఒక అల్యూమినియం గిన్నె. ముల్లు ఆ గిన్నెకే ఉంటుంది. అయస్కాంతం తిరిగితే గిన్నెలో ఎడ్డీ ప్రవాహాలు, అంటే సుడులు తిరిగే చిన్న కరెంటులు, పుడతాయి, అవి గిన్నెను కూడా తిరగమని లాగుతాయి. సన్నటి స్ప్రింగు వద్దని వెనక్కి లాగుతుంది. ఎంత వడిగా తిరిగితే అంత లాగుడు. రెండూ సరిసమానమైన చోట ముల్లు ఆగుతుంది. 1902లో ఒట్టో షుల్జ్ పేటెంటు తీసుకున్న ఉపాయం ఇది, ఆ తర్వాత దశాబ్దాల పాటు ప్రపంచంలో చాలా బళ్లు దీని మీదే నడిచాయి. అదే కేబుల్‌కి పళ్లచక్రాలు తగిలించి పక్కనే కిలోమీటర్లు లెక్కపెట్టే డబ్బా పెడతారు. దూరం దాని పని, ముల్లుకు సంబంధం లేదు. అంటే ఎక్కడా భాగహారం చేయకుండానే వడి చూపించే యంత్రం ఇది. ఒక లాగుడును ఇంకో లాగుడుతో తూచి చూపిస్తుంది.

కేబుల్ ఎండిపోయినా మెలిక పడినా బండి నిలకడగా పోతుంటే ముల్లు ఊగుతుంది. అప్పుడు 'ఈ క్షణాన వడి' ఎంతంటే మీటరును అడగొద్దు, గ్రీజు పెట్టించుకోండి. కొత్త బళ్లలో సెన్సారు చక్రం తిరుగుళ్లను పల్సులుగా లెక్కపెడుతుంది. అది మాత్రం నిజంగా కాస్తసేపు చూసి భాగహారం చేస్తుంది. కాబట్టి అందులో కనబడేది సెకనులో ఏదో చిన్న వంతు మీద సరాసరి. అసలు క్షణాన్ని చూపించే యంత్రం ఏదీ లేదు.

ఇక ఏ మీటరైనా తెలుసుకునేది చక్రం తిరుగుడు గురించే, రోడ్డు గురించి కాదు. బురదలో చక్రం ఊరికే తిరిగితే నిలబడ్డ బండికి 40 చూపిస్తుంది. టైరు అరిగితే చుట్టుకొలత తగ్గుతుంది, అదే దూరానికి ఎక్కువ చుట్లు తిరగాలి, ఎక్కువ చూపిస్తుంది. వ్యాసం 600 మిల్లీమీటర్లు ఉన్న టైరు 588కి వస్తే మీటరు 100 అన్నప్పుడు అసలు 98. ఎక్కువ చూపించడానికి ఒప్పుకుంటారు, తక్కువ చూపించడానికి ఒప్పుకోరు. ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 39వది స్పీడోమీటర్ల గురించే. చూపించేది అసలు వడి కంటే తగ్గకూడదు, ఎక్కువైతే అసలులో పదో వంతు మీద ఇంకో నాలుగు దాకా ఉండొచ్చు. అంటే నిజంగా 80లో పోతుంటే 92 దాకా చూపినా నిబంధన ప్రకారం సరే. ఫోన్‌లో జీపీఎస్ తక్కువ చూపిస్తోంది, మీటరు పాడైందని పట్టుకొచ్చేవాళ్లకి ఇదే చెప్పి పంపేవాణ్ణి. ఇంకొకటి, ఈ మీటరుకి దిక్కు తెలియదు. గుండ్రంగా 40లో తిరుగుతూనే ఉండండి, ముల్లు కదలదు. పుస్తకం భాషలో వడి మారలేదు, దిశ మారుతోంది కాబట్టి వేగం మాత్రం ప్రతి క్షణం మారుతోంది. చుట్టు పూర్తయ్యి మొదలైన చోటికే వస్తే స్థానభ్రంశం సున్నా, సరాసరి వేగమూ సున్నానే. పెట్రోలు మాత్రం అయిపోతుంది.

సున్నా బై సున్నా గురించి చుక్కల_లెక్క గారు చెబితే బాగుంటుంది, నా దగ్గర అంత లెక్క లేదు.

చుక్కల_లెక్క

రాయి వదిలితే గాలి ఆటంకం వదిలేసి t సెకన్లలో 4.9 ఇంటూ t వర్గం మీటర్లు పడుతుంది. సరిగ్గా ఒక సెకను అయ్యాక దాని వడి ఎంత? 1 నుంచి 1.1 సెకన్ల మధ్య సరాసరి తీయండి: 10.29. 1 నుంచి 1.01 మధ్య: 9.849. 1 నుంచి 1.001 మధ్య: 9.8049. అంకెలు 9.8 మీదికి దిగుతున్నాయి. ఎంత చిన్న వ్యవధి తీసుకున్నా దానికి ఇంకా దగ్గరికి పోతాయి. ఆ 9.8నే తక్షణ వడి అంటాం. సున్నాను సున్నాతో భాగించిందెవరూ లేరు. ఒక క్షణంలో బాణం కదలదు కాబట్టి అసలెప్పుడూ కదలదన్న గ్రీకు తత్వవేత్త జీనో చిక్కు కూడా ఇక్కడే విడుతుంది: వడి అనేది ఒక్క క్షణం లోపల దాక్కున్న గుణం కాదు, ఆ క్షణానికి ఇరుపక్కలా ఏం జరుగుతోందో చెప్పే మాట. పిల్లలచేత ఆ మూడు భాగహారాలు చేయించండి, నాలుగోది వాళ్లే చేస్తారు.

సందేహాల_పుట్ట

చేశారు. ఒకడు 1.0001 దాకా పోయాడు. ఇంకొకడు ఇప్పుడే మెసేజ్ పెట్టాడు, ఇదే చివరిది, ప్రామిస్: లేజర్ లైటు చంద్రుడి మీదికి పట్టి చేయి తిప్పితే ఆ చుక్క కాంతి కంటే స్పీడుగా పోతుందా సార్ అని. కాంతిని మించి ఏదీ పోదని నేనే చెప్పాను మరి.

చుక్కల_లెక్క

పోతుంది. చంద్రుడు సగటున 3,84,400 కిలోమీటర్ల దూరం. మణికట్టు సెకనులో 90 డిగ్రీలు తిప్పితే అంత దూరాన చుక్క సెకనుకు 6 లక్షల కిలోమీటర్లు జరుగుతుంది, కాంతికి రెట్టింపు. చంద్రుడు ఆకాశంలో అర డిగ్రీయే కాబట్టి ఆ ముఖం దాటడానికి సెకనులో 170వ వంతు చాలు.

నియమం మాత్రం చెక్కుచెదరలేదు. ఎడమ అంచున పడిన కాంతి వేరు, కుడి అంచున పడిన కాంతి వేరు. రెండూ మీ చేతిలోంచి మామూలు వడితోనే బయలుదేరి సుమారు 1.3 సెకన్లకు అక్కడికి చేరాయి. ఎడమ అంచు నుంచి కుడి అంచుకి ఏ వస్తువూ పోలేదు. ఎడమ అంచున నిలబడ్డవాడు ఆ చుక్కతో కుడి అంచువాడికి కబురు పంపాలన్నా కుదరదు. నియమం వస్తువుకీ కబురుకీ తప్ప చుక్కకు వర్తించదు. నీడకు కూడా ఇంతే.

మీటరు_మెకానిక్

లేజరు ఎవరి కళ్లలోకీ కొట్టొద్దని ముందే చెప్పండి మాస్టారూ. వెనక బెంచీవాడు ఉన్నాడు కదా.